సారాంశాల మీద బతికిన రోజులు

కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేశానంటే అందరూ గాజు గొట్టాలూ, యాసిడ్ పడి చిల్లులు పోయిన తెల్లకోటూ ఊహించుకుంటారు. అవీ ఉన్నాయి. కానీ నా రీసెర్చిలో సగం లైబ్రరీలోనే జరిగింది. ల్యాబ్‌లో సాక్స్‌లెట్ (ఎండిన పూలలోని సారాన్ని వేడి ద్రావకంతో మళ్లీ మళ్లీ కడిగి తీసే గాజు సామాను) ఆన్ చేసి, కుళాయిలో నీళ్లు ఆగిపోతాయేమో చూస్తుండమని జూనియర్‌కి అప్పజెప్పి, చున్నీ సర్దుకుంటూ లైబ్రరీకి పరుగెత్తడం అప్పటి దినచర్య. యూనివర్సిటీ పేరు ఎందుకులెండి. 1989లో చేరాను. ఆ కాలంలో మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడ రీసెర్చి చేసినవాళ్లకైనా ఇది కొంచెం అటూ ఇటూగా సొంత కథలాగే ఉంటుంది.

నాకిచ్చిన టాపిక్ కానుగ పూలు. క్యాంపస్ నిండా కానుగ చెట్లే. ఎండాకాలం మొదట్లో ఆ లేత ఊదారంగు పూలు రోడ్డు మీద మరమరాలు పోసినట్టు రాలేవి. ఊడ్చేవాళ్లతో పోటీపడి బస్తాల్లోకి ఎత్తుకొచ్చి, నీడలో ఆరబెట్టి, వాటిలో ఏయే ఫ్లేవనాయిడ్లు, అంటే మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు (రంగులిచ్చేవి చాలా ఉంటాయి), ఉన్నాయో విడదీసి చెప్పాలి. ఈ తరహా పనికి మన దగ్గర పెద్ద వంశవృక్షమే ఉంది. టి.ఆర్. శేషాద్రి గారు ఇంగ్లండులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చి, 1930లలో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, మొక్కల రంగుల కెమిస్ట్రీకి ఒక బడి కట్టారు. కానుగ నూనె మీద కూడా అక్కడ పని జరిగింది. మా సార్ ఆ శిష్యపరంపరలో వారు. కాబట్టి మా ల్యాబ్‌లో ఎవరికి ఏ చెట్టు పడినా మొదటి ప్రశ్న ఒకటే: "ఇందులో ఇంతకుముందు ఎవరు ఏం తీశారు?"

ఇప్పుడు ఈ ప్రశ్నకి జవాబు టీ తాగే లోపు వస్తుంది. అప్పుడు దానికే నెలలు పట్టేది. దాన్ని లిటరేచర్ సర్వే అనేవాళ్లం. ఆ మాట వినగానే ఇప్పటికీ నా కుడి భుజం నొప్పి పుడుతుంది, ఎందుకంటే లిటరేచర్ సర్వే అంటే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ మోయడమే.

తెలియని వాళ్లకి చెప్పాలి. అమెరికన్ కెమికల్ సొసైటీ వాళ్లు 1907లో మొదలుపెట్టారు దీన్ని. ప్రపంచంలో ఏ మూల, ఏ భాషలో కెమిస్ట్రీ పేపరు వచ్చినా, పేటెంటు వచ్చినా, దాని సారాంశం నాలుగు ముక్కల్లో ఇంగ్లీషులో అచ్చువేసి వారం వారం పంపేవాళ్లు. జపాను వాళ్లది, రష్యా వాళ్లది, రాజస్థాన్ వాళ్లది, అన్నీ ఒకే కొలతలో, చీమల బారుల్లాంటి అక్షరాల్లో. ఒక ఏడాదివి బైండు చేస్తే ఒక అర నిండిపోయేది. వీటికి ఇండెక్సులు వేరు. ఆరు నెలల ఇండెక్సు, అయిదేళ్లకోసారి వచ్చే కలెక్టివ్ ఇండెక్సు, రచయితల ఇండెక్సు, ఫార్ములా ఇండెక్సు, పదార్థాల ఇండెక్సు, విషయాల ఇండెక్సు. మొత్తం ఒక గది. ఆ గదిలో ఫ్యాను కింద కూర్చోవడం కూడా ఇబ్బందే, పల్చటి కాగితాలు టపటపా తిరిగిపోయేవి.

వెతికే పద్ధతి ఎవరూ క్లాసులో చెప్పలేదు. సీనియర్ అక్క ఒకామె నన్ను నిలబెట్టి నేర్పింది. ముందు కలెక్టివ్ ఇండెక్సులు, పాతవాటి నుంచి కొత్తవాటికి. తర్వాత ఇంకా కలెక్టివ్‌లోకి ఎక్కని సంవత్సరాలకి ఆరు నెలల ఇండెక్సులు. ఆ తర్వాత అదీ రాని తాజా సంచికల్లో ఒక్కోదాని వెనక ఉండే కీవర్డు ఇండెక్సు. ప్రతిచోటా మన చెట్టు పేరు కింద దొరికిన నంబర్లు రాసుకోవాలి. ముందు వాల్యూము, తర్వాత ఒక అంకె, చివర ఒక ఇంగ్లీషు అక్షరం. ఆ అక్షరం అంకె తప్పు పడిందో లేదో సరిచూసుకోవడానికి కంప్యూటర్ పెట్టేదట. ఆ నంబరు పట్టుకుని అసలు వాల్యూములో సారాంశం చదవాలి. చదివాక పనికొచ్చేదైతే దాని కింద ఉన్న పత్రిక పేరు, సంవత్సరం, పేజీ రాసుకోవాలి. పత్రిక పేర్లన్నీ పొట్టిపేర్లే. అది ఏ పత్రికో తెలియకపోతే ఆ పొట్టిపేర్లని విప్పి చెప్పడానికి ఇంకో లావుపాటి పుస్తకం!

ఇందులో ఒక తిరకాసు ఉండేది. ఫ్లేవనాయిడ్లలో ఒకటైన ఫ్లేవోన్ గురించి కావాలని ఫ్లేవోన్ అన్న పేరు కింద చూస్తే 1972 తర్వాతి ఇండెక్సుల్లో ఏమీ ఉండదు. వాడుక పేర్లు తీసేసి పద్ధతి ప్రకారం పెట్టిన పేర్లకి మారారు. 4హెచ్-1-బెంజోపైరాన్-4-ఓన్ అన్న శీర్షిక కిందికి వెళ్లి, అక్కడ కామా పెట్టి 2-ఫినైల్ అని వెతుక్కోవాలి. మన సరుకు అంతా ఆ శీర్షిక కింద పేజీలకి పేజీలు ఉండేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. కొన్నాళ్లకి మెస్‌లో సాంబారు పోసుకుంటూ కూడా ఒక పదార్థాన్ని చూసి దాని ఇండెక్సు పేరు చెప్పేయడం మా పిచ్చి ఆటల్లో ఒకటైంది.

నోట్సు రాసుకోవడానికి కార్డులు కొనే స్తోమత లేదు. పెళ్లి శుభలేఖల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని ఒకే సైజుకి కత్తిరించుకునేదాన్ని. మా అమ్మ చుట్టాలందరి శుభలేఖలూ దాచి పంపేది. ఒక వైపు కానుగలో దొరికే కరంజిన్ ద్రవీభవన స్థానం, రెండో వైపు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. అవన్నీ బాటా చెప్పుల డబ్బాలో, రచయిత ఇంటిపేరు వరసలో.

అసలు సంగతికి వస్తాను. సారాంశం దొరికిందంటే పేపరు దొరికినట్టు కాదు. నేను రాసుకున్న కార్డుల్లో చాలావాటికి అసలు పేపరు మా లైబ్రరీలో లేదు. *ఫైటోకెమిస్ట్రీ* కొన్నేళ్లు ఉంది, కొన్నేళ్లు లేదు. మన దేశపు పత్రికలు, *ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్*, *కరెంట్ సైన్స్*, *ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీ* దాదాపు పూర్తిగా ఉండేవి. జర్మన్ పత్రికలు యుద్ధానికి ముందువి కొన్ని ఉండేవి, అవి చదవడానికి సాయంత్రాలు సర్టిఫికెట్ కోర్సులో చేరి *డెర్ డీ డాస్* వల్లించాం. మిగతావాటికి సారాంశమే గతి. ఆ నాలుగు వాక్యాల్లోంచి ప్రయోగం ఎలా చేసి ఉంటారో ఊహించేవాళ్లం. "ఆల్కహాల్‌తో తీసి, కాలమ్ మీద వేరుచేశారు" అని ఉంటే, ఎంత ఆల్కహాలు, కాలమ్ అనే గాజు గొట్టంలో ఏ సిలికా పొడి, ఏ ద్రావకాలు ఏ పాళ్లలో అన్నది మా ఊహ. ఒకటి పని చేయకపోతే ఇంకొకటి. బయట దేశాల్లో ఒక్క పూటలో పేపరు చూసి చేసేదాన్ని మేము వారాల తరబడి మళ్లీ కనిపెట్టేవాళ్లం. ఇందులో గొప్పేం లేదు. కొందరు మా తరం వాళ్లు దీన్ని శిక్షణ అంటారు, నాకు మాత్రం అది వృథా శ్రమే. ఆ శ్రమలో సగం ఇంకో మంచి పనికి పెట్టి ఉండొచ్చు.

రిఫరెన్సు సెక్షన్‌లో ఒక మాస్టారు ఉండేవారు. ఆయన హోదా ఏమిటో నాకు సరిగా తెలియదు, అందరూ మాస్టారూ అనే పిలిచేవాళ్లు. కెమిస్ట్రీ ఒక్క ముక్క చదువుకోలేదు. కానీ ఏ పత్రిక ఏ ఏడాది ఎందుకు ఆగింది, ఏ సంచిక బైండింగ్‌కి వెళ్లింది, ఏది ఏ ప్రొఫెసరు గారింట్లో మంచం కింద ఉంది అన్నీ ఆయనకి తెలుసు. రిజిస్టరు కాకుండా సొంతంగా ఒక డైరీ ఉండేది. "ఫలానా సంచిక సార్ దగ్గరుందమ్మా. ఆయన్ని అడక్కు, ఇవ్వరు. మధ్యాహ్నం వాళ్లబ్బాయి స్కూటర్ మీద వస్తాడు, నేను తెప్పిస్తాను," అని గొంతు తగ్గించి చెప్పేవారు. దేశంలో ఏ పత్రిక ఏ లైబ్రరీలో ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఉందో చెప్పే యూనియన్ కేటలాగు ఒకటి ఉండేది. అది ఆయన టేబుల్ మీదే, పక్కన మంచినీళ్ల సీసాతో.

కానుగ పూలలోంచి నాకొక పసుపుపచ్చ పదార్థం వచ్చింది. చక్కటి సూదుల్లా స్ఫటికాలు. సూచిక పరీక్షలన్నీ ఫ్లేవనాయిడ్ అనే చెప్పాయి. శాంపిల్ లక్నోలో మందుల పరిశోధన సంస్థ సీడీఆర్ఐకి పంపి, అణువు నిర్మాణం తెలిపే ఎన్ఎంఆర్ పరీక్ష చేయించి తెప్పించుకున్నాం. కార్డులన్నీ తిరగేశాను, ఎక్కడా అలాంటి నిర్మాణం లేదు. కొత్త పదార్థం! సార్ కూడా కాస్త నవ్వారు, ఆయన నవ్వడమంటే మామూలు విషయం కాదు. ఆ వారం నేను అన్నం సరిగా తినలేదు, ఆనందం కాదు, టెన్షన్. ఎవరో ఇప్పటికే తీసేసి ఉంటారేమోనని. మాకు కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ ఓడ మీద వచ్చేవి, మా అరలోకి చేరేసరికి నెలల నాటి వార్త.

మాస్టారికి ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, ఒకరోజు ఇండెక్సుల గదిలోకి వచ్చి నిలబడి అడిగారు.

"ఏ పేరు కింద చూస్తున్నావమ్మా?"

"పొంగామియా గ్లాబ్రా, మాస్టారూ."

"బోటనీ వాళ్లని అడిగావా? మొక్కలకి వాళ్లు మాటిమాటికీ పేరు మారుస్తుంటారు. మొన్న వేరే అమ్మాయి ఇలాగే తిరిగి తిరిగి వచ్చింది."

బోటనీ డిపార్ట్‌మెంటు హెర్బేరియంకి వెళ్లాను. అక్కడి మేడమ్ అట్టకి అంటించిన ఎండు కొమ్మ చూపించి వరసగా చెప్పారు. పొంగామియా గ్లాబ్రా పాత పేరు. పొంగామియా పిన్నాటా అని రాసేవాళ్లు ఉన్నారు. డెర్రిస్ ఇండికా అనేవాళ్లు ఉన్నారు. మిల్లెటియాలో కలిపేసినవాళ్లూ ఉన్నారు. అన్నీ మన కానుగే. అంటే ఇండెక్సుల గదిలో నా పని మళ్లీ మొదటికి వచ్చింది, ఈసారి పి దగ్గరే కాదు, డి దగ్గరా, ఎం దగ్గరా. డి దగ్గర దొరికింది. నా పసుపు సూదులు. ఎవరో నాకంటే ముందే తీశారు, పూలలోంచి కాదు, ఇంకో భాగంలోంచి. సారాంశంలో మూడు వాక్యాలు. అక్కడే కూర్చుండిపోయాను. మాస్టారు టీ తెప్పించారు. "పేపరు రాసి పంపాక తెలిసుంటే ఏమయ్యేదమ్మా," అన్నారు. నిజమే. ఆ పదార్థం కొత్తది కాకపోయినా పూలలో ఉందని చెప్పడం కొత్తే కాబట్టి నా థీసిస్‌లో ఒక అధ్యాయం నిలబడింది.

ఆ మూడు వాక్యాల వెనక ఉన్న అసలు పేపరు కావాలి, పోల్చి చూసుకోవడానికి. ఎక్కడి నుంచో తెప్పించుకున్న కాపీ వచ్చింది గానీ, స్పెక్ట్రమ్, అంటే ఆ పదార్థాన్ని గుర్తుపట్టించే గ్రాఫు, ఉన్న పేజీ మొత్తం నల్లటి మసి. గీత ఎక్కడుందో, మరక ఎక్కడుందో తెలియదు. కేటలాగు చూసి మాస్టారు తేల్చారు: బెంగుళూరు, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. "అక్కడ లేకపోతే ఇంకెక్కడా ఉండదు." 1911 నుంచి ఉన్న లైబ్రరీ అది. సార్ లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇచ్చారు. ఒంటరిగా రాత్రి బస్సులో పంపడానికి ఇంట్లో ఒప్పుకోలేదు కాబట్టి నాన్న తోడొచ్చారు.

నాన్న ఇరిగేషన్‌లో డ్రాఫ్ట్స్‌మన్. కాలువల సెక్షన్లు, తూముల ప్లాన్లు గీయడం ఆయన పని. కెమిస్ట్రీ అంటే ఆయనకి తెలిసింది పటిక, సబ్బు. తెల్లవారేసరికి బెంగుళూరు మెజెస్టిక్ బస్టాండులో దిగి, ఇడ్లీ తిని, క్యాంపస్‌కి చేరాం. ఆ చెట్లూ ఆ చల్లదనం చూసి ఆయన "ఇక్కడ చదువు దానంతటదే వచ్చేస్తుంది కదమ్మా," అన్నారు. లోపల అడుగుపెట్టాక నాకు నోరు పెగల్లేదు. కార్డుల మీద పొట్టిపేర్లుగా మాత్రమే తెలిసిన పత్రికలు వరసగా, మొదటి సంపుటి నుంచి, మధ్యలో ఖాళీ లేకుండా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నడుస్తూ ఊరికే వీపుల మీద పేర్లు చదువుకున్నాను. పేరుమోసిన కెమిస్టులు రాబిన్సనూ వుడ్‌వర్డూ కలిసి 1957లో మొదలుపెట్టిన *టెట్రహెడ్రన్* మొదటి సంపుటిని చేత్తో పట్టుకున్నాను, దానితో పనేమీ లేకపోయినా.

నేను పేపర్లు వెతికి తెస్తుంటే, నాన్న బల్ల దగ్గర కూర్చుని సంచీలోంచి ట్రేసింగ్ పేపరు, రోట్రింగ్ పెన్ను, సెట్ స్క్వేర్లు తీశారు. నేను తెల్లబోయాను. "ఆ మసి కాగితం చూశాను కదమ్మా. జిరాక్సులో గీత లావైపోతుంది. నేను దించుతా." లైబ్రరీ వాళ్లని అడిగి, పుస్తకం మీద ఒత్తిడి పడకుండా, ఆ స్పెక్ట్రాలన్నీ ఒక్కొక్క శిఖరం, దాని పక్కన ఉన్న చిన్న భుజం, అడుగున ఉన్న స్కేలు గుర్తులతో సహా దించేశారు. షడ్భుజాలు ఆయన గీస్తే అచ్చులో ఉన్నవాటికంటే బాగున్నాయి. జుబ్బా, లావు కళ్లద్దాలు చూసి అక్కడి స్టాఫ్ ఆయన్ని ఏదో పాత ప్రొఫెసరు అనుకున్నట్టున్నారు. ఆయన దగ్గరికి వచ్చి ఇంకా ఏ సంపుటి కావాలి సార్ అని అడిగేవాళ్లు, నన్ను ఆయన స్టూడెంట్ అనుకుని. ఆయనా ఊరుకోకుండా నా కార్డు చూసి గంభీరంగా "నెక్స్ట్, వాల్యూమ్ పదిహేడు," అనేవారు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన అడిగిన ప్రశ్న ఒకటి గుర్తుంది. "ఇన్ని పుస్తకాలు మీ దగ్గర ఎందుకు లేవు? చందా కట్టరా?" చందా సంగతి అప్పుడే కొత్తగా మొదలైన గొడవ. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు. రిజర్వ్ బ్యాంకు బంగారం ఇంగ్లండుకి పంపిన నెల అది. డాలరు 21 రూపాయల నుంచి 26 దాకా వెళ్లింది, రెండేళ్లు తిరిగేసరికి 31 దాటింది. విదేశీ పత్రికల చందాలన్నీ డాలర్లలో, పౌండ్లలో. పైగా ఆ పత్రికలు కూడా ఏటేటా ధర పెంచుతున్నాయి. లైబ్రరీకి ఇచ్చే డబ్బు మాత్రం రూపాయల్లో, పాత లెక్కనే. ఏం జరుగుతుందో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. ప్రతి డిపార్ట్‌మెంటుకీ జాబితా వచ్చింది, ఏవి ఆపేయాలో టిక్కు పెట్టమని. మా సార్ ఆ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. తర్వాత ఆ అరల దగ్గరికి వెళ్తే ఒక ఏడాది దగ్గర బైండు వాల్యూములు ఆగిపోయి, పక్కన ఖాళీ చెక్క కనిపించేది. ఒక్క మా దగ్గరే కాదు, దేశంలో చాలాచోట్ల ఇదే కథ. మన యూనివర్సిటీల్లో సైన్సు ఎందుకు వెనకపడింది అని టీవీ చర్చల్లో పెద్ద పెద్ద కారణాలు చెబుతుంటే నాకు ఆ ఖాళీ చెక్కే గుర్తొస్తుంది. తెలివితేటల కంటే ముందు చందా సంగతి మాట్లాడాలి.

పేపరు తెప్పించుకోవడానికి ఇంకో దారి కూడా ఉండేది, డబ్బు పెద్దగా అవసరం లేనిది. రచయితకే కార్డు రాయడం. దీనికి ఆధారం *కరెంట్ కంటెంట్స్* అనే చిట్టి పత్రిక. ఫిలడెల్ఫియాలో యూజిన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన నడిపేవాడు. ప్రపంచంలోని ముఖ్యమైన పత్రికల విషయసూచికల పేజీలని యథాతథంగా వారం వారం అచ్చువేసి పంపడమే పని. వెనక రచయితల చిరునామాలు. అందులో చాలా వాడుకలోకి వచ్చిన పేపర్ల రచయితలు తమ పేపరు వెనక కథ రాసే పేజీ ఒకటి వచ్చేది, నేను ముందు అదే చదివేదాన్ని. పెద్ద పెద్ద వాళ్లు కూడా మొదట్లో పేపరు తిప్పి కొట్టించుకున్నారని తెలిస్తే ఎంత ధైర్యం!

డిపార్ట్‌మెంటు పేరుతో అచ్చు వేయించిన కార్డులుండేవి. గౌరవనీయులైన డాక్టర్ ఫలానా, ఫలానా పత్రికలో వచ్చిన మీ వ్యాసం ప్రతిని, వీలైతే ఇదే విషయం మీద మీరు రాసిన ఇతర వ్యాసాల ప్రతులని పంపగలిగితే కృతజ్ఞులం. ఖాళీల్లో పేర్లు నింపి, ఎయిర్‌మెయిల్ స్టాంపు అంటించి పడేయడమే. చాలామంది పంపేవాళ్లు. అది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ముక్కూ మొహం తెలియని అమ్మాయి, పేరు కూడా పలకలేని ఊరు నుంచి కార్డు రాస్తే, జపానులో ఒక ప్రొఫెసరు ఒక కట్ట రీప్రింట్లు (తన పేపర్ల అచ్చు ప్రతులు) కవరులో పెట్టి, పైన చేత్తో శుభాకాంక్షలు రాసి, తన డబ్బుతో స్టాంపులు అంటించి పంపడం. తూర్పు జర్మనీ నుంచి ఒక కవరు వచ్చింది. అది నా చేతికి అందేసరికి ఆ దేశమే లేదు. స్టాంపులు మాత్రం నాకు దక్కేవి కావు. డిపార్ట్‌మెంటు అటెండర్ గారి మనవడు స్టాంపులు పోగుచేసేవాడు, కవర్లన్నీ ఒక మూల చతురస్రంగా కత్తిరించి ఉండేవి. తాత మొహం చూసి ఎవరం ఏమీ అనలేదు.

ఇవేవీ కుదరకపోతే ఢిల్లీలో ఇన్స్‌డాక్ ఉండేది. సైన్సు పేపర్లు వెతికి ఇచ్చేందుకు 1952లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. ఫారం నింపి పంపితే వాళ్లు పేపరు ఎక్కడుందో పట్టుకుని జిరాక్సు తీసి పోస్టులో పంపేవాళ్లు. హైదరాబాదు వెళ్లే పనిపడితే తార్నాకలో కెమిస్ట్రీ పరిశోధన సంస్థ ఐఐసీటీ లైబ్రరీ. ఎవరు హైదరాబాదు వెళ్తున్నారని తెలిసినా ల్యాబ్‌లో అందరూ తలా ఒక చీటీ చేతిలో పెట్టేవాళ్లు. పెళ్లికి వెళ్లిన మా సీనియర్ ఒకాయన ముహూర్తం అయ్యాక పట్టుచొక్కాతోనే తార్నాక వెళ్లి మా అందరి పేపర్లూ తెచ్చాడు. మా ల్యాబ్‌లో ఆయన పేరు చెబితే ఇప్పటికీ దణ్ణం పెడతాం.

థీసిస్ అయింది. బొమ్మలన్నీ నాన్నవే. వైవాకి వచ్చిన ఎగ్జామినర్ స్పెక్ట్రా చూసి ఏ ప్లాటర్ (గ్రాఫులు గీసే మిషను) వాడారని అడిగారు. సార్ నవ్వారు, రెండోసారి.

తర్వాత డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. అక్కడ జర్నల్ అన్న మాటే లేదు, రికార్డు పుస్తకాలే. లైబ్రరీ వైపు చూడటం మానేశాను చాలాకాలం. మధ్యలో లోకం మారిపోయింది. అహ్మదాబాదులో యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థ పెద్దదైంది, 2004లో యూనివర్సిటీలకి ఆన్‌లైన్ పత్రికలు ఇవ్వడం మొదలైంది. కాలేజీల కోసం ఎన్-లిస్ట్ అనే ఆన్‌లైన్ పత్రికల పథకం వచ్చాక మా లైబ్రేరియన్ ఒకరోజు స్టాఫ్ రూమ్‌కి వచ్చి తలా ఒక పాస్‌వర్డు పంచాడు. మా కాలేజీ మొత్తానికి ఏడాదికి 5,000 రూపాయలట! నేను నమ్మలేదు. ఇంటికెళ్లి కూర్చుని, భోజనం సంగతి మర్చిపోయి, శుభలేఖల మీద రాసుకున్న పేర్లు ఒక్కొక్కటే కొట్టాను. అన్నీ కాదు గానీ చాలా వచ్చాయి. కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ అచ్చు వేయడం 2010లో ఆపేశారని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. బాధేమీ కలగలేదు. నా భుజం తరఫున సంతోషించాను.

ఇండియన్ అకాడమీ *ప్రొసీడింగ్స్* పాత సంచికలన్నీ ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. శేషాద్రి గారు వాల్తేరు నుంచి రాసిన పేపర్లు కూడా. అచ్చు అదే టైపు, అదే పసుపు వన్నె. ప్రయోగం ఎలా చేశారో అందులో పూసగుచ్చినట్టు ఉంది, ఎంత ఆల్కహాలు, ఎన్ని గంటలు. మా లైబ్రరీలో ఉన్న పత్రికే కాబట్టి అప్పుడూ చదివాను గానీ, పాత బైండింగు వల్ల లోపలి అంచు అక్షరాలు కనిపించేవి కావు. వాక్యం చివరలు మొదటిసారి ఇప్పుడు చదివాను.

మా తమ్ముడి కూతురు ఇప్పుడు ఒక స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోంది. వాళ్లకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్, అంటే ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కలిపి కేంద్రమే పత్రికల చందా కట్టే పథకం, ఉంది. ముప్పై ప్రచురణ సంస్థల పత్రికలు, పదమూడు వేలకి పైగా, మూడేళ్లకి 6,000 కోట్లు కేంద్రం కడుతోంది. ఆ అంకె విని చాలామంది వామ్మో అన్నారు. నేను అనలేదు. తార్నాకకి పట్టుచొక్కాతో వెళ్లిన మనిషిని చూసినదాన్ని కదా.

పిల్లకి కూడా అనుకోకుండా కానుగే తగిలింది, గింజలు, బయోడీజిల్ వైపు. పొంగామియా పిన్నాటా అని కొట్టింది, వేలల్లో వచ్చాయి. "అత్తా, ఇన్ని ఎలా చదవాలి?" అని ఫోను. మాకు దొరకడం కష్టం, వీళ్లకి వదిలేయడం కష్టం. నేను డెర్రిస్ ఇండికా, మిల్లెటియా పిన్నాటా, గ్లాబ్రా అన్నీ విడివిడిగా కొట్టమన్నాను. కొన్ని కొత్తవి బయటపడ్డాయి. "ఇది నీకెలా తెలుసు?" అంది. మాస్టారి గురించి చెప్పాను. డైరీ సంగతీ, మంచం కింద పత్రికల సంగతీ విని పడీపడీ నవ్వింది.

ఒక పేపరు మాత్రం ఆ పదమూడు వేలల్లోనూ లేదు. చిన్న పత్రిక, థాయిలాండ్ వాళ్లది. డబ్బు కట్టి కొనాలా అని అడిగింది. రచయితకి మెయిల్ రాయమన్నాను.

"ఏమని రాయను? ఎవరో ఏంటో తెలియదు, పంపుతారా?"

నాకు ఆ కార్డు మీద వాక్యం ఇంకా నోటికి వచ్చు. చెబుతుంటే టైపు చేసుకుంది. వీలైతే ఇదే విషయం మీద మీ ఇతర వ్యాసాలు కూడా, అన్న ముక్క దగ్గర ఆగింది. "అత్తా, అది మరీ అత్యాశ కాదా?"

ఉంచమన్నాను. మర్నాడు పొద్దున నాలుగు పీడీఎఫ్‌లు వచ్చాయట.